పొగ పైకి, నీళ్ళు కిందికి

మా ఆయన గాలి మనిషి. ఎగతాళికి అనడం లేదు, ఆయన పనే అది. పెద్ద పెద్ద భవనాల్లో ఏసీ గాలి తిరిగే రేకు గొట్టాలు బిగిస్తారు. మా తమ్ముడు నీళ్ళ మనిషి, ప్లంబరు. మా పేటలో సగం ఇళ్ళ కుళాయిల గుట్టు వాడి దగ్గరే ఉంది. బావా బావమరుదులిద్దరూ ఒకచోట చేరారంటే ఇంక పని తెమలదు, మాటకి మాట మాత్రం సాగుతూనే ఉంటుంది. అలాంటి ఇద్దరి చేతుల్లో నేను ఒక కట్టెల పొయ్యి పెట్టాను. బుద్ధి లేకపోబట్టే పెట్టాననుకోండి, కానీ నాకు వేరే దారి లేదు.

దారి లేకపోవడానికి కారణం మా అత్తగారు.

మామగారు ఉన్నన్నాళ్ళూ ప్రతి చలికాలం అందర్నీ వెంటేసుకుని కొండ మీదికి తీసుకెళ్ళి టెంటు వేయించేవారు. అత్తగారు ముందు రోజు నుంచే సణుగుడు మొదలుపెట్టి, ఆ సణుగుడుతోనే అందరికంటే ముందు బండెక్కి కూర్చునేవారు. మామగారు పోయాక ఆవిడకి చలి పట్టుకుంది. ఎండలు మండుతున్నా చలే. డాక్టరు అన్నీ చూసి, ఏమీ లేదమ్మా అని పంపించేశాడు. ఆవిడ మాత్రం తన గదిలో హీటరు పక్కన కుర్చీ వేసుకుని, మామగారి ఊలు టోపీని చెవుల కిందికి లాక్కుని కూర్చుంటారు. ఆ టోపీని ఉతకడానికి కూడా ఇవ్వరు. ఒకసారి నెమ్మదిగా చెయ్యి వేయబోతే, "నా తలతో నీకేం పని" అన్నారు. మళ్ళీ ఆ జోలికి పోలేదు.

చలి ఒక్కటే అయితే నేనూ సరిపెట్టుకునేదాన్ని. మా అత్తగారి నోరు మీకు తెలియదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ నోటికి జడిసి వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. తర్వాత తర్వాత నేనూ నాలుగు మాటలు నేర్చుకుని తిరిగి అప్పచెప్పడం మొదలుపెట్టాను, అప్పటినుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది. అలాంటి మనిషి ఈమధ్య మాట్లాడటం మానేశారు. ఒకరోజు టీలో చక్కెర వేయడం మరిచిపోయి ఇచ్చాను. ఏమీ అనకుండా తాగేసి గ్లాసు పక్కన పెట్టారు. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

అందుకే కొండ మాట ఎత్తాను. "మీరు వెళ్ళి రండి. మధ్యలో నేనెందుకు, మూటలాగా" అన్నారు. నేను వదల్లేదు, చెవిలో జోరీగలా వారం తిరిగేదాకా పోరాను. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నారు, కానీ షరతు పెట్టారు.

"టెంటు లోపల వెచ్చగా ఉండాలి. లేకపోతే దింపిన బండిలోనే వెనక్కి వచ్చేస్తాను. వచ్చేశాక ఇంకెప్పుడూ నన్ను ఎక్కడికీ రమ్మనకూడదు."

రెండో మాట నా కళ్ళల్లోకి చూసి మరీ అన్నారు. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. ఆ బండిలో వెనక్కి వెళ్ళారంటే ఇక ఆ గది, ఆ హీటరు, ఆ కుర్చీ, అంతే. గడప దాటించడం ఎవరి తరమూ కాదు.

అలా మా ఇంట్లోకి ఆ పొయ్యి వచ్చింది. చిన్న ఉక్కు పెట్టె, కాళ్ళు మడిచేస్తే చేత్తో పట్టుకుపోవచ్చు. పొగగొట్టం ముక్కలు ముక్కలుగా దాని కడుపులోనే సర్దుకుంటుంది. నా పని కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టడం, కాబట్టి గొట్టం బయటికి పోవడానికి టెంటు పైకప్పులో కన్నం పెట్టి, దాని చుట్టూ నిప్పు తగిలినా కాలని గుడ్డ వేసి కుట్టాను. దారం కూడా వేడికి కరగనిదే తెప్పించాను. కొత్త టెంటు మీద నేను కత్తెర పెడుతుంటే మా ఆయన చూడలేక పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

కొండ మీదికి మమ్మల్ని వ్యానులో తీసుకొచ్చింది మా వీధి చివర ఉండే డ్రైవరు. తల నున్నగా గొరిగించుకుంటాడు, కాబట్టి అందరూ గుండు డ్రైవరంటారు. దిగీ దిగగానే రెండు చేతులతో చెవులు మూసుకుని, "చీకటి పడేలోపు నేను కిందికి దిగిపోవాలమ్మా, ఆ మలుపులు మంచివి కావు. మళ్ళీ ఎల్లుండే రావడం" అన్నాడు.

అత్తగారు దిగలేదు. ఒళ్ళో సంచీ పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని, వ్యాను తలుపు తీసుకుని అక్కడే కూర్చున్నారు. "ముందు పొయ్యి వెలగనివ్వండి. దిగడం సంగతి అప్పుడు చూద్దాం" అన్నారు.

టెంటు వేయడం తొందరగానే అయింది. పొయ్యిని మాత్రం తిన్నగా లోపల పెట్టనివ్వలేదు నేను. కొత్త ఇనుముకి పూసిన రంగూ నూనే మొదటిసారి మండేటప్పుడు కంపు కొడతాయి, ఆ కంపేదో బయటే వదిలించమన్నాను. సరేనని ఇద్దరూ చదునైన చోటు చూసి పొయ్యి దించారు. మా ఆయన జేబులోంచి చదును చూసే మట్టం తీసి దాని నెత్తిన పెట్టి చూసి, ఒక కాలి కింద రాయి ముక్క దోపారు. మా తమ్ముడు తన మట్టం తీసి పెట్టి చూసి, ఆ రాయి తీసేసి ఇంకో రాయి దోపాడు. పొయ్యి రెండుసార్లూ ఒకేలా నిలబడింది.

అసలు గొడవ గొట్టం దగ్గర వచ్చింది. గొట్టం ముక్క ఒక్కోదానికి ఒక చివర వెడల్పుగా ఉంటుంది, రెండో చివర నొక్కినట్టు సన్నగా ఉంటుంది. ఒకదాని సన్నమూతి ఇంకోదాని వెడల్పు మూతిలో దూరాలి. సన్నమూతి పైకి చూడాలా, కిందికి చూడాలా అన్నది ప్రశ్న. పొయ్యితోపాటు బొమ్మలు వేసిన కాగితం ఒకటి వచ్చింది. అది పని తెలియనివాళ్ళ కోసమని ఇద్దరూ తేల్చేశారు. మా ఆయన దాన్ని నలిపి, రాజేయడానికి పనికొస్తుందని పొయ్యిలో పడేశారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ మాట కలిసింది.

"పొగ ఎటు పోతుంది? పైకి" అన్నారు మా ఆయన. "గాలి ఎటు పోతే సన్నమూతి అటు చూడాలి. గాలి గొట్టాల పనిలో మొదటి రోజు నేర్పేది అదే."

"పొగలో తడి ఉంటుంది బావా. చల్లటి గొట్టానికి తగిలితే నీళ్ళయి కిందికి దిగుతుంది. సన్నమూతి కిందికి చూస్తే ఆ నీళ్ళు లోపల్లోపలే పొయ్యిలోకి పోతాయి."

"నీకు ఎక్కడ చూసినా నీళ్ళే కనిపిస్తాయిరా."

"నీకు ఎక్కడ చూసినా గాలే. మాటల్లో కూడా."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను నాకు తెలిసిన పద్ధతిలో ఆలోచించాను. వానకోటు కుట్టేటప్పుడు పై గుడ్డ అంచు కింది గుడ్డ మీదికి రావాలి, అప్పుడే నీళ్ళు లోపలికి దిగవు. గొట్టమైనా అంతే కదా, పై ముక్క కింది ముక్కని కప్పాలి. అంటే సన్నమూతి పైకే. "మీ బావ చెప్పిందే రైటు" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను మా ఆయన పక్షాన నిలబడటం అదే మొదలు. ఆయన మొహం చూడాల్సింది, చేతిలో రేకు వంచే శ్రావణం ఉన్న సంగతి కూడా మరిచిపోయి మీసం దువ్వుకున్నారు.

వ్యానులోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏమన్నావు అమ్మాయ్? వాడు చెప్పింది రైటన్నావా? చలికి నా చెవులు కూడా పాడైపోయినట్టున్నాయి."

ఎన్నాళ్ళకో వినిపించిన ఎత్తిపొడుపు అది. నాకు నవ్వూ వచ్చింది, ప్రాణమూ లేచి వచ్చింది.

గొట్టం వెడల్పు మూతి పొయ్యి మీద దాన్ని బిగించే కంఠానికి సరిగ్గా ఎక్కలేదు. మా ఆయన శ్రావణంతో దానికి నచ్చజెప్పి ఎక్కించారు. ఎక్కనన్న దాన్ని ఎక్కించేటప్పుడైనా ఏదో తేడా ఉందని తోచాలి మనిషికి. ఆయనకి తోచలేదు, నాకూ తోచలేదు. పైన నిప్పురవ్వలు ఎగరకుండా జల్లెడ మూత పెట్టి, మా తమ్ముడు చెట్ల కింద ఏరుకొచ్చిన కొమ్మలు పేర్చి వెలిగించాం.

పొగ నిటారుగా పైకి లేచింది. మా ఆయన చేతులు కట్టుకుని, "చూశావా" అన్నారు.

కాసేపు నిజంగానే బాగుంది. తర్వాత కింది అతుకు దగ్గర ఒక నల్లటి చుక్క కనిపించింది. దాని పైన ఇంకో అతుకు దగ్గర ఇంకో చుక్క. చూస్తుండగానే గొట్టం పొడవునా మసినీళ్ళు చారలు చారలుగా దిగి, వేడి పెనంలాంటి పొయ్యి నెత్తిన పడి చుయ్యిమన్నాయి. వానకోటుకి నీళ్ళు బయటినుంచి వస్తాయి, గొట్టానికి లోపల్నుంచి అన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. మా తమ్ముడు జేబుల్లో చేతులు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. మా ఆయనకి ఒళ్ళు మండింది.

"పొయ్యికి జలుబు చేసినట్టుందిరా నాన్నా. ముక్కు కారుతోంది" అన్నారు అత్తగారు.

"గొట్టం తప్పేం లేదమ్మా, కట్టెలు తడిగా ఉన్నాయి."

"ఆ కట్టెలు ఏరింది ఎవరు?" అన్నారావిడ.

మా తమ్ముడు ఆకాశంలోంచి కిందికి దిగి నాలిక కరుచుకున్నాడు. బండిలో ఇంటి నుంచి తెచ్చిన ఎండు కట్టెల మూట ఉంది. దాన్ని వదిలేసి, కొండ మీదికి వచ్చి కొండ కట్టెలు వాడకపోతే ఎలా అని ఏరుకొచ్చింది వాడే మరి.

పొయ్యి చల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. ఎండ చెట్ల కొసలకి ఎక్కేసింది. డ్రైవరు వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి, చక్రాలు తన్ని చూసి, చెవులు రుద్దుకుంటూ నా వైపు చూశాడు. అత్తగారు టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నారు. ఇంక హాస్యమాడలేదు. చేతులు రెండూ సంచీ కిందికి దూర్చుకుని, దారి వైపు చూస్తూ కూర్చున్నారు. తెచ్చిందాన్ని నేనే, చేజేతులా పోగొట్టుకునేదాన్నీ నేనే అవుతానేమో అనిపించింది.

ఈసారి పెత్తనం మా తమ్ముడు తీసుకున్నాడు. గొట్టం మొత్తం ఊడదీసి తిరగేశాడు. పొయ్యి కంఠం శ్రావణం దెబ్బలకి వంగిన చోట మా ఆయనే సరిచేసి ఇచ్చారు. సన్నమూతి అందులోకి, అది ఇన్నాళ్ళూ దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు నున్నగా దిగిపోయింది. ఆ సమయంలో మా ఆయనకి దూరంగా ఏదో కొండ కనిపించింది, దాన్నే చూస్తూ ఉండిపోయారు.

నేను ఎండు కట్టెల కోసం వ్యాను దగ్గరికి వెళ్ళాను. మూట విప్పి, నాలుగు కట్టెలు చంకన పెట్టుకుని వచ్చేసరికి మా తమ్ముడు అప్పుడే మిగిలిన కొమ్మలతో వెలిగించేశాడు. ఇదెక్కడి వాసన అనుకున్నాను. మసి వాసన కాదు, ముక్కుపుటాలు మండించే వాసన. చూద్దును కదా, గొట్టం అతుకు అతుక్కీ తెల్లటి టేపు చుట్టి ఉంది. కుళాయి మరలకి లీకు కాకుండా చుడతారే, అది. వాడి జేబులో ఇంటి తాళం ఉన్నా లేకపోయినా ఆ టేపు ఉంటుంది. అది వేడికి ముడుచుకుపోయి గోధుమరంగులోకి తిరుగుతోంది.

"దూరం జరగండి, అది పీల్చకండి" అని ఇద్దర్నీ గాలికి ఎదురుగా లాగాను. "ఏమిట్రా అది?"

"లీకు కాకుండా అక్కా."

"నీళ్ళు లోపలికే పోతాయన్నావు కదరా? మరి లీకెక్కడిది?" అన్నారు మా ఆయన. ఆయన గొంతులో సంతోషం దాచుకుందామన్నా దాగడం లేదు.

"చెయ్యి ఊరుకోలేదు బావా. అతుకు కనిపిస్తే చాలు, అదే చుట్టేస్తుంది."

"నా కొడుకు గాలికి చుట్టం. ఈ అబ్బాయి నీళ్ళకి చుట్టం" అన్నారు అత్తగారు వ్యానులోంచి. "నిప్పుకే పాపం ఎవరూ లేరు." అని, డ్రైవరు వైపు తిరిగి, "బండి తిప్పి పెట్టుకో బాబూ. వెళ్దాం" అన్నారు.

డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను చప్పుడు వినగానే నాలో ఉన్న ఓర్పంతా అయిపోయింది.

"ఇద్దరూ వినండి" అన్నాను. "మీలో ఎవరు గెలిచారో నాకు అక్కర్లేదు. ఆవిడ ఈ బండిలో వెళ్ళిపోతే మళ్ళీ ఆ గదిలోంచి బయటికి రారు. నన్ను తిట్టేవాళ్ళు లేకుండా ఆ ఇంట్లో నేను ఉండలేను. ఆవిడ వెళ్ళిపోతే నేనూ అదే బండెక్కుతాను. మీరిద్దరూ ఇక్కడే కూర్చుని ఎల్లుండిదాకా ఆ గొట్టం తిప్పుకోండి."

వ్యానులోంచి ఆగమన్నట్టు అత్తగారి చెయ్యి లేచింది, డ్రైవరు ఇంజను ఆపేశాడు. మా తమ్ముడు టేపు చుట్ట తీసి దూరంగా వ్యాను సీటు మీదికి విసిరేశాడు. ఆ తర్వాత వాళ్ళు పని చేసిన తీరు చూస్తే, ముందంతా ఏ రోగం వచ్చిందని అడగాలనిపించింది. పొయ్యి చల్లారగానే ఒకరు గొట్టం పట్టుకుంటే ఇంకొకరు కాలిన టేపు నలుసు లేకుండా గీకేశారు. టెంటులో నేల మీద వేడికి తట్టుకునే చాప పరిచి, దాని మీద పొయ్యి పెట్టారు. ఒకరు లోపల్నుంచి గొట్టం అందిస్తే ఇంకొకరు బయట నేను కుట్టిన కన్నంలోంచి పైకి అందుకున్నారు. గాలికి ఊగకుండా మూడు వైపులా తీగలు లాగి మేకులకి కట్టారు. గాలి ఆడటానికి కింది కిటికీ గుడ్డ సగం పైకి చుట్టి, విషవాయువు పసిగడితే కూసే చిన్న యంత్రాన్ని తలగడ దగ్గర తగిలించాను. ఈసారి ఎండు కట్టెలే పేర్చి, అగ్గిపుల్ల నేనే గీశాను.

కట్టెలు చిటపటమన్నాయి. ఇద్దరూ తలలు ఆనించుకుని అతుకుల వైపే చూస్తూ కూర్చున్నారు. చుక్క లేదు, చార లేదు. కాసేపటికి రేకు వేడెక్కి టెంటు మూలమూలకీ వెచ్చదనం పాకింది.

నేను వెళ్ళి వ్యాను దగ్గర నిలబడ్డాను. "ఒకసారి వచ్చి చూడండి అత్తయ్యా. నచ్చకపోతే వెళ్ళిపోండి, ఆపను."

"రెండు నిమిషాలే" అన్నారు. సంచీ చంకన పెట్టుకునే దిగారు. నేను తీసుకోబోతే ఇవ్వలేదు.

లోపలికి వచ్చి మడతకుర్చీలో కూర్చున్నారు. సంచీ ఒళ్ళోనే ఉంది. మా ఆయన ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటున్నట్టు కనిపించారు. అత్తగారు పొయ్యి చూశారు, గొట్టం చూశారు, గొట్టం వెంటే చూపు పైకి పోనిచ్చి నా కుట్టు దగ్గర ఆగారు.

"ఆ కుట్టు నువ్వేశావా?"

"అవునత్తయ్యా."

"వంకరగా ఉంది."

వంకర లేదు. నా కుట్టు ఎక్కడా వంకర పోదు, కావాలంటే ఎవరైనా వచ్చి కొలుచుకోవచ్చు. కానీ ఆ మాట వినేసరికి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ అనుకుంటారేమోనని మొహం పక్కకి తిప్పుకున్నాను, పొగేమో చక్కగా పైకి పోతోంది.

డ్రైవరు గుమ్మం గుడ్డ తొలగించి తల లోపలికి పెట్టాడు. చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "అమ్మగారూ, వెలుతురు పోతోంది. బయల్దేరదామా?"

అత్తగారు స్వెటరు పై గుండీ తీశారు. ఇంకోటి తీశారు. "ఏమిటిది, మనుషుల్ని ఉడకబెట్టేస్తారా? ఆ రెండో కిటికీ కూడా తెరవండి" అన్నారు. మా ఆయనా మా తమ్ముడూ ఒకేసారి లేచి, ఒకే కిటికీ మీద పడ్డారు.

ఆవిడ సంచీ కిందపెట్టారు. రెండు చేతులతో టోపీ పట్టుకుని నెమ్మదిగా పైకి లాగారు. తెల్ల జుట్టంతా అణిగిపోయి తలకి అంటుకుని ఉంది. ఆవిడ తల చూసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. టోపీని ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు మడత సరిచేస్తూ కాసేపు కూర్చున్నారు. మా ఆయన కిటికీ దగ్గరే ఆగిపోయి తల్లి వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఇలా రా బాబూ" అన్నారు అత్తగారు.

డ్రైవరు వంగి లోపలికి వచ్చాడు. ఆవిడ టోపీ అతని చేతిలో పెట్టారు.

"పెట్టుకో. ఆ గుండుతో ఈ చలిలో ఎలా దిగుతావు?"

అతను నా వైపు చూశాడు. ఆ టోపీ కథ మా వీధంతటికీ తెలుసు. తీసుకోమని తల ఊపాను.

"ఎల్లుండి మమ్మల్ని తీసుకెళ్ళడానికి వస్తావుగా, అప్పుడు తెచ్చివ్వు" అన్నారు. అతను టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచారు. "మీ ఇంట్లో చెప్పి ఒకసారి ఉతికించి తీసుకురా. మా కోడలికి ఎప్పట్నుంచో అదే గొడవ."

వ్యాను చప్పుడు మలుపు తిరిగి వినిపించకుండా పోయింది. నేను పొయ్యి తలుపు తీసి ఇంకో కట్టె వేశాను. "చాల్లే, ఇంక వేయకు" అన్నారు అత్తయ్య.